పరిహారమా? పైకమా?

ఒక మాటను కొట్టివేసి దాని చోట వేఱొక మాటను వేసినంతమాత్రమున లోకము తలక్రిందగునా యని మనవారిలో పెక్కురు తలంతురు. శబ్దచర్చ పండితులు ప్రొద్దుపుచ్చుకొను వ్యాపారమనియు, దుక్కి దున్నువానికిని ఇల్లు కట్టుకొన్నవానికిని దానితో పనిలేదనియు సామాన్యాభిప్రాయము. ఈ యభిప్రాయము ఎంత పొరపాటో చూపుటకు మన రాజ్యాంగ చరిత్రమే చాలును. 1971వ సంవత్సరమున మన పార్లమెంటు రాజ్యాంగములోని 31వ అధికరణమునుండి ‘కాంపెన్సేషన్’ అను ఇంగ్లీషు మాటను తొలగించి, ఆ స్థానమున ‘అమౌంట్’ అను మఱియొక ఇంగ్లీషు మాటను నిలిపినది. ఆ మార్పు 1972 ఏప్రిల్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అప్పటినుండి ఏడేండ్లు, మన పొలమును ఇంటిస్థలమును ప్రభుత్వము తీసికొన్నచో మనకు రావలసినది పరిహారమా, పైకమా యను ప్రశ్నకు రాజ్యాంగము ‘పైకమే’ యని సమాధానము చెప్పుచుండెను. ఈ రెండు మాటల బరువెంతయో భూమి గలవారును పట్టణవాసులును నేటికిని తెలిసికొనియుండుట యవసరమని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట మాటల పుట్టుక చూతము. ‘కాంపెన్సేషన్’ అను మాట లాటిను భాషలో ‘ఒకదానికెదురుగా మఱియొకదానిని తూచుట’ యను అర్థముగల ధాతువునుండి వచ్చినది. అనగా అది త్రాసునకు సంబంధించిన మాట. త్రాసునకు రెండు తట్టలు. ఒక తట్టలో పోయిన వస్తువు. రెండవ తట్టలో దానికి బదులుగా వచ్చినది. ముల్లు నడుమ నిలిచినగాని తూకము సరిపోయినదనరు. ‘అమౌంట్’ అనుమాట కొండను దెలుపు లాటిను పదమునుండి పుట్టి, ప్రాత ఫ్రెంచిలో ‘పైకి ఎక్కుట’ యను అర్థమును పొంది, ఇంగ్లీషులో లెక్కలను కూడగా తేలిన మొత్తమునకు పేరైనది. కరణము లెక్కలో అడుగున వేయు జుమ్లాకును దీనికిని భేదము లేదు. దీనికి రెండవ తట్ట లేదు. వంద రూపాయలు అమౌంటే. లక్ష రూపాయలును అమౌంటే. దేనికి బదులు, దేనికి సమానము అను ప్రశ్న ఆ మాటలో ఇమిడియుండలేదు.

మన భాషలోని ‘పరిహార’ శబ్దమును గూడ ఇచ్చట స్మరింపదగును. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో ‘సర్వకరపరిహార’ మను మాట తఱచుగా కానవచ్చును. భూమిని దానము చేసిన రాజు, దానిమీద పన్నులన్నిటిని తొలగించుచున్నానని చెప్పుటకు ఆ మాటను వాడెను. తొలగించుట, తీసివేయుట యనునదే దాని ముఖ్యార్థము. కాబట్టి నష్టపరిహారమనగా నష్టమును తొలగించుట. నష్టము తొలగనిచో ఎంత సొమ్ము చేతబడినను అది పరిహారము కానేరదు. ఈ విధముగా చూచినచో మన మాటయు ఇంగ్లీషు మాటయు వేర్వేఱు దారులలో బయలుదేరి ఒకే ధర్మమునొద్దకు చేరుచున్నవి.

ఇక వాడుకను పరిశీలింతము. కాలువలకును రైలుదారులకును కచేరీలకును భూమి కావలసి ఆంగ్ల ప్రభుత్వము 1894లో భూసేకరణ చట్టమును చేసెను. అది పరప్రభుత్వపు చట్టమే. ప్రజల సమ్మతిని అడిగినది కాదు. అయినను అందులో కాంపెన్సేషన్ అను మాటను వాడి, దానిని ఎట్లు లెక్కింపవలెనో 23వ సెక్షనులో వివరించిరి. ప్రకటన వెలువడిననాటి మార్కెట్టు ధర. స్వాధీనపఱచుకొనునాటికి భూమిమీదనున్న పంటకును చెట్లకును కలిగిన నష్టము. కమతములో కొంత చీలిపోయినందున మిగిలినదానికి కలిగిన నష్టము. ఇతరమైన ఆస్తికిని రాబడికిని కలిగిన హాని. నివాసమునో వ్యాపారస్థలమునో మార్చుకొనవలసివచ్చినచో అందులకైన ఖర్చు. నడుమ కాలములో తగ్గిన లాభము. ఇవిగాక, బలవంతముగా తీసికొన్నందులకు మార్కెట్టు ధరమీద నూటికి 15 వంతున ‘సొలేషియం’ అను ఊరట సొమ్ము. పోయినదానిని ఒక తట్టలో పెట్టి, ఒక్కొక్క నష్టమును వేఱువేఱుగా తూచుట యనగా ఇట్టిది. ఆచరణలో అధికారులు తక్కువ కట్టుటయు, రైతులు కోర్టులచుట్టు ఏండ్లకొలది తిరుగుటయు జరిగినమాట వాస్తవమే. కాని తిరుగుటకొక ఆధారముండెను. ఆ ఆధారము ఆ మాట.

స్వతంత్ర భారతమునకు రాజ్యాంగమును వ్రాయునాడు ఈ విషయముపై తీవ్రమైన చర్చ జరిగినది. అమెరికా రాజ్యాంగములో ‘న్యాయమైన’ యను విశేషణము ఈ మాటకు ముందుండగా, మనవారు దానిని విడిచిరి. 1949 సెప్టెంబరులో రాజ్యాంగసభయందు ఈ అధికరణము చర్చకు వచ్చినపుడు, నెల్లూరు మండలమున జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు, ఆస్తి ధర్మము కొఱకేగాని తనకు తానే పరమార్థము కాదను ప్రాచీనభావమును జ్ఞప్తికి దెచ్చిరి. జమీందారీలను రద్దుచేయవలసియున్న కాలమది. చెన్నరాజధానిలో 1948లోనే ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చియుండెను. జమీందారుల గ్రామములన్నిటికిని పూర్తి మార్కెట్టు ధర ఇయ్యవలెనన్నచో రద్దు కాగితముమీదనే నిలిచిపోయెడిది. కావున ఆనాటి పెద్దలు విశేషణమును విడిచినందులకు మేము వారిని తప్పుపట్టము. కాని విశేషణమును విడిచినను విశేష్యమును విడువలేదు. చట్టము ‘కాంపెన్సేషన్’కు ఏర్పాటు చేయవలెననియు, ఆ కాంపెన్సేషన్ యొక్క ‘అమౌంటు’ను నిర్ణయింపవలెను లేదా దానిని లెక్కించు సూత్రములను చెప్పవలెననియు వ్రాసిరి. పాఠకులు గమనింపవలెను: ఆనాడు రెండుమాటలును ఒకే వాక్యములో ఉండెను. కాంపెన్సేషన్ యజమాని, అమౌంటు దాని గుమాస్తా. గుమాస్తా యజమాని గద్దెనెక్కుటకు ఇరువదిరెండేండ్లు పట్టినది.

ఆ కథ ఇట్లు నడచినది. తూర్పు బెంగాలునుండి వచ్చిన నిరాశ్రయులకు నివాసములు కల్పించుటకై పశ్చిమ బెంగాలు ప్రభుత్వము 1948లో ఒక చట్టమును చేసి, భూమిని ఎప్పుడు తీసికొన్నను 1946 డిసెంబరు 31వ తేదీనాటి ధరకు మించి ఇయ్యనక్కఱలేదని విధించెను. 1953 డిసెంబరులో బేలా బెనర్జీ కేసునందు సుప్రీంకోర్టు, పతంజలి శాస్త్రిగారు ప్రధానన్యాయమూర్తిగా నుండగా, ఆ నిబంధనను కొట్టివేసినది. కాంపెన్సేషన్ అనగా పోగొట్టుకొన్నదానికి న్యాయమైన సమానమని తీర్పు చెప్పినది. విశేషణము లేకపోయినను న్యాయము ఆ మాటయొక్క కడుపులోనే యున్నదని దీని తాత్పర్యము. 1955లో పార్లమెంటు నాలుగవ సవరణ చేసి, కాంపెన్సేషన్ చాలదను కారణముచే ఏ చట్టమును కోర్టులో ప్రశ్నింపరాదని శాసించెను. కాని మాటను మాత్రము మార్చలేదు.

ఇచ్చట మన ఆంధ్రుడొకరు రంగమున ప్రవేశించిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు ప్రథమ ప్రధానన్యాయమూర్తియై, పిమ్మట భారత ప్రధానన్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు, వజ్రవేలు మొదలియారు కేసునందు సుప్రీంకోర్టు తీర్పును వ్రాసిరి. వారి వాదన సూక్ష్మమైనది. కాంపెన్సేషన్ అను మాటకు 1953లోనే కోర్టు అర్థము చెప్పియున్నది. ఆ అర్థమును ఎఱిగియుండియు పార్లమెంటు 1955లో ఆ మాటనే నిలుపుకొన్నది. కావున ఆ అర్థమును గూడ అంగీకరించినట్లే. ఇంత యిచ్చిన చాలునా యని కోర్టు చూడకపోవచ్చును గాని, ఇచ్చినది కేవలము మాయయైనచో, లెక్క సూత్రములకును వస్తువు విలువకును సంబంధమే లేనిచో, అది అధికార దుర్వినియోగమే యగునని వారనిరి. ఒక్క మాటను పట్టుకొని ప్రజల హక్కును నిలిపిన ఘట్టమిది. తరువాతి న్యాయమూర్తులలో భిన్నాభిప్రాయములు పుట్టినవి. 1969 జులై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడగా, 1970 ఫిబ్రవరి 10న పదునొకండుగురు న్యాయమూర్తులలో పదుగురు ఆ చట్టమును చెల్లదనిరి. బ్యాంకుల పలుకుబడి విలువను లెక్కకు తీసికొనకుండుట మొదలగు లోపములచేత అది కాంపెన్సేషన్ కాదని వారి నిర్ణయము.

అప్పుడు ఢిల్లీ పెద్దలకు మూలము తెలిసినది. మాట ఉన్నంతకాలము కోర్టు దాని అర్థమును అడుగుచునే యుండును. మాటనే తీసివేసినచో అడుగుటకేమి మిగులును? ఇరువదియైదవ సవరణ అట్లు పుట్టినది. అమౌంటు చాలదనియు, రొక్కముగా ఇయ్యలేదనియు ఎవ్వరును కోర్టుకెక్కరాదని గూడ అందు చేర్చిరి. 1973 ఏప్రిల్ 24నాటి కేశవానంద భారతి తీర్పులో ఈ మాటమార్పు నిలిచినది. అమౌంటనగా సున్న కాదనియు, కంటితుడుపుగా విదిల్చిన చిల్లర కారాదనియు పలువురు న్యాయమూర్తులు అన్నమాట నిజమే. కాని సున్నకు పైనుండిన చాలునను మెట్టుకు పౌరుని హక్కు దిగినదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

ఆ మెట్టు ఎంత క్రిందిదో పట్టణవాసులు 1976లో తెలిసికొనిరి. ఆ యేట వచ్చిన పట్టణ భూపరిమితి చట్టము, మిగులు స్థలమునకు ఇయ్యవలసినదానిని ‘అమౌంట్’ అనియే పేర్కొన్నది. పెద్ద నగరములలో సైతము చదరపు మీటరునకు 10 రూపాయలకు మించరాదు. చిన్న నగరములలో 5 రూపాయలకు మించరాదు. ఎంత స్థలము పోయినను మొత్తము 2 లక్షలు దాటరాదు. అందులోను కొంత రొక్కము, తక్కినది ఇరువదేండ్ల బాండ్లు. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణము, వరంగల్లు నగరములు ఆ చట్టము క్రిందికి వచ్చినవి. పట్టణములలో స్థలమంతయు కొందఱి చేతిలో చిక్కరాదను ఉద్దేశము మంచిదే. కాని చదరపు మీటరునకు పది రూపాయలను పరిహారమనుటకు నోరాడదు. అమౌంటనుటకు ఆడును. మాట మార్చుటవలన కలుగు సౌకర్యమిదియే.

ఇందులకు ప్రతివాదమును గూడ వినుట న్యాయము. భూమిలేని పేదలు కోట్లకొలది గల దేశములో, ఉన్నవాని ఆస్తికి పూర్తి విలువ కట్టియిచ్చిన పిమ్మట సంస్కరణకు సొమ్మెక్కడిదని సవరణను సమర్థించినవారు అడిగిరి. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చువారము కాము. కాని జమీందారీల నిమిత్తము 1951లోనే 31ఏ, 31బీ అధికరణములు చేర్పబడినవి. పెద్ద ఎస్టేటును విభజించుటకు కావలసిన అధికారము ప్రభుత్వమునకు అంతకుముందే యున్నది. 1971నాటి మార్పు జమీందారునకును, రెండెకరముల రైతునకును, పింఛను సొమ్ముతో స్థలము కొన్న బడిపంతులునకును ఒకే కొలత వేసినది. మీదుమిక్కిలి, ఎక్కువ అధికారము చేతనున్న ప్రభుత్వము దానిని పేదల కొఱకే వాడునను పూచీ ఆ అమౌంటను మాటలో ఎచ్చటను లేదు.

1978నాటి నలువదినాలుగవ సవరణ, 1979 జూన్ 20 మొదలుకొని, 31వ అధికరణమునే తొలగించినది. ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులలోనుండి పోయి, 300ఏ అధికరణముగా మిగిలినది. చట్టము యొక్క అధికారము లేక ఎవని ఆస్తిని తీయరాదని మాత్రము అది చెప్పును. అందు కాంపెన్సేషనూ లేదు, అమౌంటూ లేదు. యజమానియు గుమాస్తాయు ఇద్దఱును వెడలిపోయిరి. అయితే 2011లో కె. టి. ప్లాంటేషన్ కేసున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, పరిహారమును కోరు హక్కు ఆ చిన్న వాక్యములోనే అంతర్లీనమై యున్నదని చెప్పి కొంత ఊరట కలిగించినది.

మన రైతులలో పెక్కురెఱుగని మఱియొక సంగతి కలదు. 31ఏ అధికరణములో 1964నాటి పదునేడవ సవరణచే చేర్చిన నిబంధన యొకటి నేటికిని చెక్కుచెదరక యున్నది. పరిమితికి లోబడి స్వయముగా సేద్యము చేసికొనుచున్న భూమిని ఆ అధికరణము చాటున చేసిన చట్టముద్వారా ప్రభుత్వము తీసికొనునపుడు, మార్కెట్టు ధరకు తక్కువకాని ‘కాంపెన్సేషన్’ ఇయ్యవలెను. 1971లో పెద్దమాట పోయినపుడు ఈ చిన్న గదిలో అది దాగి బ్రదికినది. సొంత నాగలి పట్టినవానికి రాజ్యాంగము మిగిల్చిన మాట యిది.

తుదకు 2013లో కొత్త భూసేకరణ చట్టము వచ్చినది. 2014 జనవరి 1నుండి అమలైనది. దాని పేరులోనే ‘న్యాయమైన పరిహారము’నకు హక్కు అని యున్నది. 1949లో విడిచిన విశేషణము అఱువదినాలుగేండ్లకు తిరిగివచ్చినది. మార్కెట్టు ధరను గ్రామసీమలలో ఒకటి మొదలు రెండురెట్లవఱకు హెచ్చింపవలెను. దానిమీద నూటికి నూఱు సొలేషియం ఇయ్యవలెను. 1894లో 15, 1984లో 30 అయిన ఊరట సొమ్ము ఇట్లు నూఱైనది. పది లక్షల భూమికి రెండురెట్ల గుణకము వర్తించినచో, చెట్లు చేమలు గాక, నలువది లక్షలు రావలెను. అంతకంటె ముఖ్యము, మూడేండ్లుగా ఆ భూమిపై పనిచేసి బ్రదుకుచున్న కౌలుదారును కూలివాడును గూడ నష్టపడినవారేయని ఈ చట్టము గుర్తించి, వారికి పునరావాసమును విధించినది. త్రాసులోని మొదటి తట్టలో భూమి యొక్కటియే గాక బ్రదుకుతెఱువు గూడ చేరినది.

అయినను జాగ్రత్త యవసరము. తలుపునుండి పోయిన మాట కిటికీనుండి వచ్చుచున్నది. 2017లో తెలంగాణము ఈ చట్టమునకు చేసిన సవరణలో, పునరావాసమునకు బదులు గంపగుత్తగా ఒక ‘అమౌంటు’ నిచ్చుటకు వీలు కల్పించిరి. అమరావతి రాజధానికై 2015లో ముప్పదిమూడు వేల యెకరములకు పైగా భూసమీకరణ జరిగినపుడు, మెట్టకు ఏటా 30 వేలు, జరీబు భూమికి 50 వేలు కౌలనియు, అభివృద్ధి చేసిన స్థలములో భాగమనియు వాగ్దానము చేసిరి. అది సేకరణ కాదు, సమీకరణ మనిరి. కావున పరిహారమను మాటయే రాలేదు. ఏ పద్ధతి మంచిదను విచారణ ఇచ్చట మా పనికాదు. కాగితముమీద ఏ మాట యున్నదో, ఆ మాట రేపు కోర్టులో ఎంత బరువు తూగునో తెలిసికొని రైతు సంతకము చేయవలెనని మాత్రము మా హెచ్చరిక.

మా పత్రికల తప్పును గూడ ఒప్పుకొనుచున్నాము. ప్రమాదములో మరణించినవారి కుటుంబములకు ప్రభుత్వము ‘ఎక్స్‌గ్రేషియా’ ప్రకటించినపుడు, దానిని పరిహారమని అచ్చువేయుట మాకు అలవాటైనది. ఎక్స్‌గ్రేషియా అనగా దయచే ఇచ్చునది, అడుగుటకు హక్కులేనిది. పరిహారము బాకీ. దయకును బాకీకిని భేదము చెఱిపినచో, బాకీని తీర్చువాడు గూడ దాతవలె దండలు వేయించుకొనును. ఇకమీదట దయను సాయమనియు, హక్కును పరిహారమనియు వ్రాయుదము.

భూమిగలవారికి గూడ ఒక చేదుమాట చెప్పక తప్పదు. చట్టము మార్కెట్టు ధరను కట్టునది రిజిస్ట్రేషను దస్తావేజులనుబట్టి. స్టాంపు సుంకము తగ్గించుకొనుటకై ఇరువది లక్షల భూమికి ఎనిమిది లక్షలని వ్రాయించినవారు, తమ ఊరి పొలములన్నిటి విలువను తామే తగ్గించుచున్నారు. పరిహారము కట్టునాడు అధికారి చూపునది మన వ్రాతయే. త్రాసులో మనమే దొంగతూకము వేసి, ముల్లు వంగినదని మొఱపెట్టుకొనుట యెట్లు?

కావున మేము కోరునవి మూడు. భూమికి సంబంధించిన ప్రతి చట్టములోను, ప్రతి నోటీసులోను, ఇచ్చునది పరిహారమైనచో పరిహారమనియే స్పష్టముగా తెలుగున వ్రాయవలెను. గంపగుత్త పైకమును ప్రతిపాదించునపుడు, అది ఏ యే హక్కులకు బదులో ఒక్కొక్కటిగా చెప్పి, లెక్కచూపి, పిమ్మటనే సంతకము కోరవలెను. 300ఏ అధికరణములో పరిహారమను మాటను మరల చేర్చి, కోర్టుల వ్యాఖ్యానముమీద ఆధారపడిన హక్కును ప్రజాప్రతినిధుల శాసనముమీద నిలుపవలెను. ఈ చివరి కోరిక నెఱవేఱుటకు కాలము పట్టును. ఈలోపల, కచేరీనుండి కాగితము వచ్చిననాడు ఎంత ఇచ్చెదరని అడుగుటకు ముందు, ఇచ్చునదానిని ఏమని వ్రాసినారో చదువుడని మా పాఠకులను కోరుచున్నాము.